ఫలితాలొచ్చాక కూడా ఆగని పరుగు

అవగాహన: పోలీస్, గ్రూప్స్, డీఎస్సీ, పీఈసెట్ అభ్యర్థులకు

పోలీస్ నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినబడితే చాలు, కరీంనగర్ అంబేద్కర్ స్టేడియం తెల్లవారకముందే నిండుతుంది. ఆదిలాబాద్, మంచిర్యాల, జగిత్యాల, ఆసిఫాబాద్‌లలో కాలేజీ గ్రౌండ్లు, ఊరి బయటి డాంబర్ రోడ్లు ఉరికే పోరగాళ్లతో, పిల్లలతో కళకళలాడతాయి. దేహదారుఢ్య పరీక్షలు ముగుస్తాయి. కొన్నాళ్లకే ఆ గ్రౌండ్లు బోసిపోతాయి. ఉద్యోగం వచ్చినవాళ్లు ట్రైనింగ్‌కు పోతారు. రానివాళ్లలో చాలామంది బూట్లు మూలన పెడతారు. నెలల తరబడి చెమటోడ్చి సంపాదించుకున్న దమ్ము కొద్దివారాల్లో కరిగిపోతుంది.

దీన్ని బద్ధకమని తేల్చేయడం అన్యాయం. ఆ యువకుణ్ని పరుగెత్తించింది నోటిఫికేషన్. అది వెళ్లిపోగానే పరుగుకు కారణమూ వెళ్లిపోయింది. మరో కారణం అతని లోపల మొలకెత్తేలా ఎవరూ సాయం చేయలేదు. వ్యాయామం మొదలుపెట్టడం ఎలాగో చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. అది ఎందుకు నిలుస్తుందో, ఎందుకు ఆగిపోతుందో చెప్పేవాళ్లే తక్కువ. డీఎస్సీ, టెట్ సిలబస్‌లో ‘ప్రేరణ’ కింద, పీఈసెట్ రాసి వ్యాయామ విద్య చదవబోయేవారికి క్రీడా మనోవిజ్ఞానం కింద, గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సేలో ఆరోగ్యం, యువత, సంస్కృతి అంశాల కింద ఇది అడగదగిన విషయం. పరీక్ష సంగతి పక్కన పెట్టినా ఇది మన ఒంటికి సంబంధించినది.

సమస్య ఎంత పెద్దది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ చేయాలి. వారంలో కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం ఉండాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు, కౌమారులకు రోజుకు సగటున 60 నిమిషాలు కావాలి. ఈ అంకెలు నేరుగా ప్రశ్నలుగా రాదగ్గవి, తప్పకుండా గుర్తుంచుకోండి.

2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2022లో ప్రపంచ వయోజనుల్లో సుమారు 31 శాతం మంది ఈ కనీస స్థాయికి చేరలేదు. భారత్‌లో ఇది దాదాపు 50 శాతం. అందులోనూ తేడా ఉంది: మహిళల్లో 57 శాతం, పురుషుల్లో 42 శాతం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. వ్యాయామం మంచిదని ఈ దేశంలో తెలియనివారు అరుదు. తెలిసినా చేయకపోవడమే సమస్య. కాబట్టి పరిష్కారం మరో ఉపన్యాసంతో రాదు.

ప్రేరణ: సిలబస్ ఏం చెబుతోంది?

ప్రేరణ రెండు రకాలని చదువుకున్నాం: పని చేయడంలోనే సంతోషం ఉంటే అంతర్గత ప్రేరణ, పని వల్ల వచ్చే బహుమతి కోసమో, శిక్ష తప్పించుకోవడం కోసమో చేస్తే బాహ్య ప్రేరణ. పరీక్షకు ఇంతమాత్రం సరిపోదు. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ 1985లో తమ గ్రంథంలో సమగ్రంగా వివరించిన ‘స్వయం నిర్ణయ సిద్ధాంతం’ ఈ రెంటి మధ్య ఎన్ని మెట్లున్నాయో చూపింది.

మన ఊళ్ల మనుషులతోనే ఆ మెట్లు చూద్దాం. కానిస్టేబుల్ పోస్టు కోసం పరుగెత్తే యువకుడు మొదటి మెట్టు మీద ఉన్నాడు, అతణ్ని నడిపేది పూర్తిగా బయటి బహుమతి. పెళ్లి ఫొటోలో లావుగా కనిపించానని సిగ్గుపడి వాకింగ్ మొదలుపెట్టిన వ్యక్తిది రెండో మెట్టు. ఒత్తిడి లోపలికి వచ్చింది కానీ అది ఇంకా ఒత్తిడే. షుగర్ ఉందని తెలిసి, నడక తనకు మేలు చేస్తుందని మనస్ఫూర్తిగా ఒప్పుకుని లోయర్ మానేరు కట్ట మీద నడిచే రిటైర్డ్ ఉద్యోగిది మూడోది. ‘నేను ఆటగాణ్ని, ఆడకుండా ఉండలేను’ అనే స్థితి నాలుగోది. అక్కడ వ్యాయామం మనిషి గుర్తింపులో భాగమైపోతుంది. ఇక ఆట ఆడుతుంటే పొద్దు తెలియని పిల్లాడిది అచ్చమైన అంతర్గత ప్రేరణ.

పై మెట్లకు ఎక్కేకొద్దీ వ్యాయామం నిలిచే అవకాశం పెరుగుతుంది. ఎక్కాలంటే మూడు మానసిక అవసరాలు తీరాలని డెసీ, ర్యాన్ చెప్పారు: నా ఇష్టంతో చేస్తున్నానన్న స్వయంప్రతిపత్తి, నాకు చేతనవుతోందన్న సామర్థ్య భావన, నావాళ్లతో కలిసి ఉన్నానన్న అనుబంధం. ఈ మూడింటి పేర్లు, వరుస గుర్తుంచుకోండి. ఈ వ్యాసంలో వాటి వెలుగులో వ్యాయామాన్ని ఆనందం, నమ్మకం, సొంతదనం అని మూడు భాగాలుగా చూస్తున్నాం. అనుబంధం ఈ మూడింటిలోనూ కలగలిసి ఉంటుంది.

బహుమతుల గురించి ఒక ప్రసిద్ధ ప్రయోగం కూడా తెలిసి ఉండాలి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలను ఎంచుకున్నారు. గీస్తే బహుమతి ఇస్తామని కొందరికి ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత స్వేచ్ఛగా వదిలేస్తే, ఆ పిల్లలే మిగతావారికన్నా తక్కువగా గీశారు. ఇష్టంగా చేసే పనికి బహుమతి తగిలిస్తే ఇష్టం పలచబడవచ్చన్నది దీని సారం. ఆటల పీరియడ్‌ను మార్కులకు ముడిపెట్టే ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని ఒకసారి తలచుకోవాలి.

ఆనందం: ఆట ముందు, అలసట తర్వాత

ఒంటికి ఇబ్బందిగా అనిపించిన పనిని మనసు మర్నాడు వాయిదా వేస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవారు మొదటి రోజే రొప్పుతూ నాలుగు రౌండ్లు ఉరికితే రెండో రోజు కాళ్లు లేవవు, మూడో రోజు అలారం మోగదు. తీవ్రత ఎంత ఉండాలో తెలుసుకోవడానికి వైద్యులు చెప్పే సులువైన ‘మాట పరీక్ష’ ఉంది: వ్యాయామం చేస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది ఒక మోస్తరు శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే గట్టి శ్రమ. హాయిగా పాడగలిగితే తేలిక శ్రమ.

ఈ కొలతతో బతుకమ్మను చూడండి. పెత్రమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ, వంగి లేస్తూ, చప్పట్లు చరుస్తూ ఆడతారు. వేములవాడలో మాత్రం సద్దుల బతుకమ్మను ఏడో రోజే చేసుకుంటారు. ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్లు పలుకుతారు. పాడే వంతు లేనప్పుడు ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. అందుకే గంట దాటినా అలసట తెలియదు. నెమ్మదిగా ఆడితే తేలిక శ్రమ, కోలాటంలోకి మారి అడుగుల జోరు పెరిగితే ఒక మోస్తరు శ్రమ. వ్యాయామమని చెప్పి పిలిస్తే గడప దాటని అత్తమ్మలు, వదినెలు బతుకమ్మ ఆడదామంటే వాకిట్లో నిలబడతారు. శ్రమ అదే, పిలుపు మారింది. ఏడాదికి తొమ్మిది రోజులు శరీర ఆరోగ్యానికి చాలవు నిజమే. కానీ వారానికి రెండు మూడు సాయంత్రాలు కోలాటం ఆడుకునే మహిళా బృందాలకు దసరా దాకా ఆగాల్సిన పనేముంది?

మగపిల్లలకు ఈ ప్రాంతంలో కబడ్డీ, వాలీబాల్ ఉండనే ఉన్నాయి. మహారాష్ట్రను ఆనుకున్న నిర్మల్, ఆదిలాబాద్ పల్లెల్లో జాతర అంటే కుస్తీ పోటీలే. కొబ్బరికాయ పందెంతో చిన్నపిల్లల పట్లు మొదలవుతాయి, పొద్దు వాలేసరికి పెద్ద పహిల్వాన్లు నగదుకో, వెండి కడియానికో తలపడతారు. కొబ్బరికాయ కోసం పట్టు పట్టే పిల్లాడికి ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో అక్కర్లేదు. చుట్టూ జనం ఉన్నారు, డప్పు మోగుతోంది, ఎదుట తన ఈడువాడు ఉన్నాడు. ఆనందం అక్కడుంది. చిర్రగోనె, ఖో-ఖో, తొక్కుడుబిళ్ల ఆడి పెరిగిన తరానికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఫోను పట్టుకుని పెరుగుతున్న తరానికి మాత్రం పెద్దలే ఎదురు నిలబడి ఆడి చూపాలి.

పోలీస్ అభ్యర్థులు ఈ ఆనందాన్ని తమ సాధనలో ఎలా కలుపుకోవాలి? వారంలో అన్ని రోజులూ ట్రాక్ మీద గుండ్రంగా తిరగకండి. రెండు రోజులు కబడ్డీ ఆడండి. ఒక రోజు సోపతిగాళ్లతో పక్క ఊరి దాకా మెల్లగా పరుగెత్తి రండి. చలికాలంలో తిర్యాణి, సిర్పూర్ (యు) వైపు ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది, అలాంటి పొద్దుల్లో ఒంటరిగా లేవడం కష్టం. తలుపు తట్టే నేస్తం ఉంటే లేస్తారు.

నమ్మకం: ఆల్బర్ట్ బండూరా నాలుగు మార్గాలు

‘ఇది నాతో అవుతుంది’ అనే భావనకు కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆల్బర్ట్ బండూరా 1977లో స్వీయ సామర్థ్య భావన అని పేరు పెట్టారు. ఇది సాధారణ ఆత్మవిశ్వాసం కన్నా ఖచ్చితమైనది. మనిషి మొత్తంగా ధైర్యస్థుడే కావచ్చు, అయినా 1600 మీటర్లు తన వల్ల కాదనుకోవచ్చు. ఆ నమ్మకం నాలుగు మార్గాల్లో వస్తుందని ఆయన చెప్పారు: స్వయంగా సాధించిన అనుభవం, తనలాంటివారు సాధించడం చూడడం, నమ్మదగినవారి ప్రోత్సాహం, తన శరీర, మానసిక స్థితిని సరిగ్గా అర్థం చేసుకోవడం. వీటిలో అన్నింటికన్నా బలమైనది మొదటిది. పరీక్షలో ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే, చాలామంది ‘ప్రోత్సాహం’ అని గుర్తిస్తారు.

సాధించిన అనుభవం చిన్న ముక్కల్లో కూడగట్టుకోవాలి. 2022 తెలంగాణ పోలీస్ నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగును 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని నిబంధన. లాంగ్ జంప్ పురుషులకు 4 మీటర్లు, మహిళలకు 2.5 మీటర్లు. షాట్‌పుట్ పురుషులకు 7.26 కిలోల గుండుతో 6 మీటర్లు, మహిళలకు 4 కిలోల గుండుతో 4 మీటర్లు. అంకెలు చూసి బెదరకుండా 400 మీటర్ల ట్రాక్ మీదికి విడగొట్టండి. పురుషులు ఒక్కో రౌండుకు దాదాపు 1 నిమిషం 48 సెకన్లు తీసుకోవచ్చు. మహిళలకైతే రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు ఉన్నాయి. ఆ వేగంతో ఒక్క రౌండు పూర్తి చేయడం ఆరోగ్యంగా ఉన్న యువతలో చాలామందికి కొద్దిరోజుల సాధనతోనే సాధ్యమవుతుంది. ఒక రౌండు కుదిరాక నడకతో విరామమిచ్చి మరో రౌండు. తర్వాత విరామం తగ్గించడం. గోడ మీద నాలుగు రౌండ్ల లక్ష్యం రాసుకుని రోజూ ఓడిపోవడం కన్నా, రౌండు చొప్పున గెలుచుకుంటూ పోతే నమ్మకం నిలబడుతుంది.

తనలాంటివారిని చూడడం రెండో మార్గం. పక్కనే నిజామాబాద్‌లో పెరిగిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ విజేత. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లోనూ స్వర్ణం గెలిచి, 2024లో తెలంగాణ పోలీస్ శాఖలో డీఎస్పీగా నియమితురాలైంది. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి మేధో వైకల్యాన్నీ, ఊళ్లో ఎగతాళినీ దాటి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం సాధించింది. దూరపు ఛాంపియన్ల వీడియోల కన్నా ఈ పేర్లు మన పిల్లల మీద ఎక్కువ పనిచేస్తాయి. కారణం బండూరానే చెప్పారు: చూసే మనిషికీ, చూడబడే మనిషికీ పోలిక ఎంత ఉంటే నమ్మకం అంత పెరుగుతుంది. ఆ లెక్కన అన్నింటికన్నా మంచి ఆదర్శం నిరుడు మీ ఊరి నుంచి సెలెక్టయిన అక్కే.

ప్రోత్సాహం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ‘నువ్వు చేయగలవు’ అన్న మాట కన్నా ‘నిన్నటికన్నా మోకాలు బాగా లేచింది’ అన్న మాట విలువైనది.

నాలుగోది, తన శరీర స్థితిని అర్థం చేసుకోవడం, చాలామంది పట్టించుకోనిది. పరుగులో గుండె దడదడలాడితే కొత్తవారు ‘నాకేదో అవుతోంది’ అని భయపడి ఆగుతారు. అలవాటైనవారు ‘ఒళ్లు వేడెక్కింది’ అనుకుంటారు. అదే గుండె చప్పుడు, అర్థం వేరు. అయితే ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆగి వైద్యుణ్ని కలవాలి, అక్కడ పట్టుదలకు చోటు లేదు. మే నెలలో మంచిర్యాల, రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ రోజుల్లో పొద్దెక్కాక పరుగెత్తవద్దు.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. ఊరి రోడ్డు మీద ట్రాక్ ప్యాంటు వేసుకుని పరుగెత్తే అమ్మాయికి కాళ్ల బలం కన్నా ముందు చూపులను తట్టుకునే బలం కావాలి. 57 శాతం మహిళలు చాలినంత శ్రమ చేయడం లేదన్న లెక్క వెనుక ఇంటి చాకిరీ, సమయం లేకపోవడంతో పాటు ఈ చూపులూ ఉన్నాయని నా నమ్మకం. ఇలాంటిచోట అమ్మాయికి ధైర్యం నూరిపోయడం కన్నా పరిస్థితి మార్చడం మేలు. ఐదారుగురు కలిసి బయల్దేరండి. స్కూల్ గ్రౌండ్‌ను ఉదయం పూట తెరిచి ఉంచమని సర్పంచినీ, హెడ్మాస్టరునూ అడగండి. అన్నలు, నాన్నలు అడ్డు చెప్పడం మాని గ్రౌండ్ దాకా తోడు రావాలి.

సొంతదనం: గుస్సాడీ నేర్పే పాఠం

మనిషి తన స్వభావానికి, విలువలకు, తన మనుషులకు దగ్గరైన పనిని వదులుకోడు. అరువు తెచ్చుకున్న లక్ష్యాన్ని మాత్రం తొందరగా వదిలేస్తాడు. మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు కెనన్ షెల్డన్, ఆండ్రూ ఎలియట్ 1999లో లక్ష్యాల మీద చేసిన పరిశోధన ఇదే చెప్పింది: తనదనుకున్న లక్ష్యానికి మనిషి ఎక్కువ కాలం శ్రమిస్తాడు, చేరుకున్నాక ఎక్కువ తృప్తి పొందుతాడు.

దీనికి ఉత్తర తెలంగాణలో ఆదిలాబాద్ అడవుల్ని మించిన ఉదాహరణ లేదు. దీపావళి రోజుల్లో రాజ్ గోండుల దండారీ బృందాలు గూడెం నుంచి గూడేనికి కదులుతాయి. గుమేల, వెట్టి, డోలు, పెప్రె మోగుతుంటే నెమలి పింఛాల టోపీలు ధరించిన గుస్సాడీలు గంటల తరబడి ఆడతారు. ఒక గూడెం బృందం మరో గూడేనికి అతిథిగా వెళ్తుంది, ఆ గూడెం వాళ్లు తిరిగి వీళ్ల దగ్గరికి వస్తారు. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవులోని పద్మల్‌పురి కాకో ఆలయానికి దండారీ బృందాలు తరలివస్తాయి. చివరికి కోలాబోడి అనే ముగింపు క్రతువుతో గుస్సాడీల దీక్ష ముగుస్తుంది.

ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం మర్లవాయికి చెందిన కనకరాజు ఈ నాట్యాన్ని జీవితాంతం ఆడి, యువతకు నేర్పారు. 1982 గణతంత్ర దినోత్సవాల్లో ఢిల్లీలో ప్రదర్శించారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 అక్టోబరు 25న కన్నుమూశారు. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ నివసించి గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన మర్లవాయి ఇదే. తెలంగాణ సంస్కృతి విభాగంలో ఈ మూడు పేర్లు, కనకరాజు, మర్లవాయి, హైమన్‌డార్ఫ్, కలిపి చదువుకోండి.

గుస్సాడీ దైవకార్యం, దీక్ష. దాన్ని జిమ్ముల్లో నేర్పే డ్యాన్స్ క్లాసుగా మార్చమని ఎవరూ అనకూడదు. అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. వయసు మీద పడ్డా గుస్సాడీలు ఆడుతున్నారంటే, అది వాళ్ల ఇంటిపేరుతో, దేవుడితో, పక్క గూడెం చుట్టాలతో ముడిపడి ఉంది కాబట్టి. నాగోబా జాతర ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. అంత దూరం నడవాలంటే వాళ్లకు స్టెప్పులు లెక్కపెట్టే వాచీ అక్కర్లేదు. ఎందుకు నడుస్తున్నారో వాళ్లకు తెలుసు.

మనలో ప్రతి ఒక్కరూ ఆ ‘ఎందుకు’ వెతుక్కోవాలి. ఎవరికైనా ఈత ఇష్టం కావచ్చు, ఎవరికైనా సైకిల్, ఇంకొకరికి తోటపని. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే కండలు మీ ‘ఎందుకు’ కావడం కష్టం. ఆ శరీరాన్ని చూసి మొదలుపెట్టిన జిమ్ సభ్యత్వాలు ఎక్కువ కాలం నిలవవు, ఎందుకంటే ఆ లక్ష్యం ఇంకొకరిది.

శ్రామికుల మాట

ఈ జిల్లాల్లో వ్యాయామం గురించి రాసేటప్పుడు శ్రమ గురించి మాట్లాడకపోతే సగమే చెప్పినట్టు. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గు గనుల్లో షిఫ్టు దిగిన కార్మికుణ్ని పరుగెత్తమనడం తెలివైన సలహా కాదు. అతనికి విశ్రాంతి, నడుముకు సాగదీసే కదలికలు, మంచి నిద్ర కావాలి. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర గంటలకొద్దీ నిలబడేవారికి కాళ్లు పైకెత్తి పడుకునే పది నిమిషాలు కావాలి. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్‌లలో చాటలు ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే ఆడవాళ్లకు మాత్రం కదలిక అత్యవసరం. వాళ్లు కష్టపడుతున్నారు కానీ కదలడం లేదు. బృందంగా కూచునే చోటే ఒకరు పాట అందుకుంటే అందరూ లేచి కాసేపు ఆడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పని, ప్రయాణం, ఇంటిపని, ఆట అన్నింటినీ శారీరక శ్రమగానే లెక్కిస్తుంది. అయితే ఏ శ్రమ ఒంటిని బలపరుస్తోంది, ఏది అరగదీస్తోంది అన్న తేడా పాలకులు గుర్తించాలి.

ప్రభుత్వం వైపు నుంచి

భారత రాజ్యాంగం ఏడో షెడ్యూలులో క్రీడలు రాష్ట్ర జాబితాలో, 33వ అంశం కింద ఉన్నాయి. ప్రజారోగ్యం మెరుగుపరచడం రాజ్య విధి అని 47వ అధికరణ చెబుతుంది. ఫిట్ ఇండియా ఉద్యమం 2019 ఆగస్టు 29న, మేజర్ ధ్యాన్‌చంద్ జయంతి అయిన జాతీయ క్రీడా దినోత్సవాన మొదలైంది. జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న ప్రకటించింది, తొలిసారి 2015లో జరిగింది. 2001 జాతీయ క్రీడా విధానం స్థానంలో వచ్చిన ఖేలో భారత్ నీతికి కేంద్ర మంత్రివర్గం 2025 జులై 1న ఆమోదం తెలిపింది. క్రీడలను ప్రజా ఉద్యమంగా మార్చడం, విద్యతో అనుసంధానించడం దాని ఐదు మూలస్తంభాల్లో ఉన్నాయి.

రాష్ట్రంలో హకీంపేటతో పాటు కరీంనగర్, ఆదిలాబాద్‌లలో క్రీడా పాఠశాలలున్నాయి. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. స్థలం చూపించి బోర్డు పెట్టడంతో ప్రాంగణం పూర్తికాదు. సాయంత్రం అక్కడ విజిల్ పట్టుకుని నిలబడే ఒక మనిషి ఉండాలి. వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులు భర్తీ చేయకుండా మైదానాలు పెంచితే అవి గడ్డి మొలిచే నేలలుగానే మిగులుతాయి. మెయిన్స్ జవాబులో ఈ విమర్శను నిర్మాణాత్మకంగా రాయండి.

మాదిరి ప్రశ్నలు

1. స్వయం నిర్ణయ సిద్ధాంతం ప్రకారం మూల మానసిక అవసరాల్లో లేనిది?
ఎ) స్వయంప్రతిపత్తి బి) సామర్థ్యం సి) అధికారం డి) అనుబంధం
జవాబు: సి

2. స్వీయ సామర్థ్య భావనకు అత్యంత బలమైన మూలం?
ఎ) ఇతరుల ప్రోత్సాహం బి) స్వయంగా సాధించిన అనుభవం సి) ఇతరులను చూడడం డి) శారీరక స్థితి
జవాబు: బి

3. గుస్సాడీ కళాకారుడు కనకరాజు స్వగ్రామం?
ఎ) కేస్లాపూర్ బి) గుడిరేవు సి) మర్లవాయి డి) కలమడుగు
జవాబు: సి

4. బొమ్మలంటే ఇష్టమున్న పిల్లలకు బహుమతి ఆశ చూపితే తర్వాత ఆసక్తి తగ్గింది. ఇది దేనికి ఉదాహరణ?
ఎ) బాహ్య బహుమతి అంతర్గత ప్రేరణను తగ్గించడం బి) అనుకరణ అభ్యసనం సి) శిక్ష ప్రభావం డి) అభ్యసన బదలాయింపు
జవాబు: ఎ

వ్యాసరూప ప్రశ్న: ‘శారీరక దృఢత్వం కోసం చేసే కార్యక్రమాలు స్థానిక సంస్కృతిలో వేళ్లూనుకుంటేనే నిలుస్తాయి.’ చర్చించండి.

జవాబు రాసేటప్పుడు

నిర్వచనంతో మొదలుపెట్టి పేజీ నింపేయకండి. మొదటి పేరాలోనే భారత్‌లో సగం మంది వయోజనులు చాలినంత శ్రమ చేయడం లేదన్న అంకె రాసి, కారణం తెలియకపోవడం కాదని, ప్రేరణ బయటి నుంచి రావడమని వాదన పెట్టండి. సిద్ధాంతానికి ఒక పేరా చాలు. మిగతా చోటు బతుకమ్మ, కుస్తీ, గుస్సాడీ, నాగోబా యాత్రలకు, మహిళల పరిస్థితికి కేటాయించండి. గుస్సాడీ గురించి రాసేటప్పుడు దాని పవిత్రతను గౌరవించే ఒక్క వాక్యమైనా ఉండాలి. మూల్యాంకనం చేసేవారు ఆ సున్నితత్వాన్ని గమనిస్తారు.

గ్రౌండ్‌కు సిద్ధమవుతున్న అభ్యర్థులకు ఒక మాట. పైన ఇచ్చిన దేహదారుఢ్య ప్రమాణాలు 2022 నియామకాలవి. ఇవి నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ మారవచ్చు, కాబట్టి కొత్తది వెలువడగానే నియామక మండలి అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. గుండె జబ్బు, ఆస్తమా, బీపీ ఉన్నవారు డాక్టరు సలహా లేకుండా 1600 మీటర్ల సాధన మొదలుపెట్టవద్దు.